తక్కువ బడ్జెట్ హిందీ సినిమాకు రివ్యూ ఎలా రాయాలి?

కర్నూలు కుర్రోడు:
అన్నలూ, అక్కలూ, మా కాలేజీ గోడపత్రికకు ‘జానే భీ దో యారో’ మీద రివ్యూ రాస్తున్నా. 1983లో ఎన్‌ఎఫ్‌డీసీ (సినిమాలకు డబ్బు పెట్టే ప్రభుత్వ సంస్థ) డబ్బుతో, ఏడు లక్షల లోపు ఖర్చుతో తీశారు. కొన్ని సీన్లలో వెలుతురు, సౌండ్ నాకు బాగా అనిపించలేదు. "పాపం, డబ్బుల్లేవు కదా" అని వదిలేయాలా? పెద్ద సినిమాలతో సమానంగా చూసి మార్కులు కోయాలా? రెండు రకాలుగానూ రాసి చూశా, ఏదీ నచ్చలేదు.

వన్‌టౌన్ భాయ్:
తమ్ముడూ, జాలి మార్కులు మాత్రం వేయొద్దు. అది డైరెక్టర్ కుందన్ షాకు మర్యాద కాదు. మాట వినపడకపోతే వినపడలేదనే రాయి. కానీ డబ్బు తక్కువైనందుకు వాళ్లు ఏ దారి పట్టారో కూడా చూడు.

క్లైమాక్స్ మళ్లీ పెట్టుకో. హీరోలైన ఫొటోగ్రాఫర్లిద్దరూ ఒక శవంతో పారిపోతూ మహాభారతం నాటకం ఆడుతున్న స్టేజీ మీద పడతారు. ద్రౌపది చీరలో ఉన్నది శవం. చీర లాగాల్సినవాడే లాగనంటాడు, ధృతరాష్ట్రుడేమో ఏం జరుగుతోందని అడుగుతూనే ఉంటాడు. ఒక తెర, కిరీటాలు, గదలు, అంతే సరంజామా. మన పల్లెల్లో జాతరకు పౌరాణిక నాటకం చూసినవాళ్లకు ఆ గందరగోళం ఇంకా బాగా పడుతుంది. స్టేజీ మీదికి ఎవరెక్కినా హార్మోనియం ఆగదు, పద్యం ఆగదు. నన్నడిగితే కోట్లు పోసి సెట్టు వేసుంటే ఈ సీను ఇంత బాగా పండేది కాదు. నీ రివ్యూలో జాస్తి చోటు దీనికే ఇవ్వు.

కడప అక్క:
భాయ్ మాటే నాదీ. సురభి నాటకం పుట్టిన జిల్లా మాది, ఆ సీను మా ఇంట్లో అందరికీ ఇష్టం. ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకో నాన్నా, ఈ సినిమాను కల్ట్ అంటారు, అంటే అభిమానులు ఏళ్ల తరబడి నెత్తిన పెట్టుకునే సినిమా అని. ఆ మాట అన్నిటికీ ఒకేలా వాడొద్దు. 1998లో కాంతి షా తీసిన హిందీ సినిమా ‘గుండా’నూ కల్ట్ అనే అంటారు. ప్రాస డైలాగుల మీద మీమ్స్ చేసి నవ్వుకుంటారు. అందులో ఆడవాళ్ల మీద చూపించిన హింస ఆ మీమ్స్‌లో కనపడదు. రివ్యూ రాసేవాళ్లు కూడా దాన్ని దాటేస్తే నాకు ఒళ్లు మండుతుంది.

కర్నూలు కుర్రోడు:
థాంక్స్ భాయ్, థాంక్స్ అక్కా. నాటకం సీనుతోనే మొదలుపెడతా. ముగింపు కూడా చెప్పొచ్చా?

వన్‌టౌన్ భాయ్:
వద్దు తమ్ముడూ. ఫొటోగ్రాఫర్లిద్దరికీ చివర్లో ఏమవుతుందో రాయొద్దు. మీ కాలేజీలో చూడనివాళ్లే ఎక్కువ ఉంటారు.