గైగర్ లెక్కలోంచి అసలు ప్రాథమిక కాస్మిక్ కిరణాలను (అంతరిక్షం నుంచి నేరుగా వచ్చే కణాలను) ఎలా విడదీయాలి?

1947 జులైలో అమెరికాలోని వైట్ శాండ్స్ నుంచి ఎగిరిన వీ-2 రాకెట్‌లో భౌతికశాస్త్రవేత్త వాన్ అలెన్ బృందం పెట్టిన ఒకే ఒక్క గైగర్ గొట్టం (కణం దూరినప్పుడల్లా ఒక లెక్క ఇచ్చే పరికరం) 161 కి.మీ. ఎత్తు దాకా లెక్కపెట్టింది. 20 కి.మీ. దగ్గర్లో లెక్క బాగా పెరిగి, తర్వాత తగ్గి, 55 కి.మీ. దాటాక దాదాపు నిలకడగా ఉంటుంది. ఆ నిలకడ రేటంతా ప్రాథమిక కిరణాలదేనా? నాకు నమ్మకం లేదు.

డెడ్ టైమ్ (ఒక లెక్క తర్వాత గొట్టం కాసేపు పనిచేయని సమయం) సమస్య కాదు. సెకనుకు 40 లెక్కలు, డెడ్ టైమ్ 100 మైక్రోసెకన్లు అనుకున్నా తేడా 0.4 శాతమే. గణాంక దోషమూ పెద్దది కాదు, 55 కి.మీ. పైన దాదాపు 5 నిమిషాలు దొరుకుతాయి కదా. ముక్కు భాగంలో గాలి లీకైతే 30-50 కి.మీ. మధ్య పీడనం 10 నుంచి 1 మిల్లీబార్‌కు పడి, హైవోల్టేజీ తీగల దగ్గర కరోనా (పల్చటి గాలిలోకి విద్యుత్తు కారడం) పుట్టి దొంగ లెక్కలు వస్తాయి. అయితే అవి ఉన్నట్టుండి ఎగబాకుతాయి కాబట్టి గ్రాఫులో పట్టుబడతాయి.

అసలు చిక్కు రెండింటితో. కింది వాతావరణం నుంచి పైకి ఎగజిమ్మే ఆల్బిడో కణాలు ఒకటి, కిరణాలు తగిలి రాకెట్ ఉక్కులోనే పుట్టే కొత్త కణాల జల్లులు రెండోది. ఒంటి గొట్టానికి పైనా కిందా తేడా తెలియదు. పైగా ఇంజిన్ ఆగాక రాకెట్ పొర్లుతుంది.

మూడు గొట్టాల కోఇన్సిడెన్స్ టెలిస్కోపు (మూడింట్లోనూ ఒకేసారి పడ్డ కణాన్నే లెక్కించే అమరిక), మధ్యలో సీసం పలకలు పెడితే జల్లులు ఎంతవరకు తగ్గుతాయి? సీసంలోనే కొత్త జల్లులు పుట్టవా? పక్క నుంచి వచ్చే కణాలను పసిగట్టే గార్డు గొట్టాలు ఎన్ని, ఎక్కడ పెట్టాలి? ఆల్బిడో వాటాను లెక్కగట్టే పద్ధతి తెలిసినవాళ్లు దయచేసి అంకెలతో సహా వివరించండి.