పత్రహరితం తగ్గితే సముద్రంలో ప్లవకాలు తగ్గినట్టేనా?

కూకట్‌పల్లి సభ్యుడు:
పశ్చిమ హిందూ మహాసముద్రంలో ఆరు దశాబ్దాలలో వృక్ష ప్లవకాలు, అంటే నీటిలో తేలుతూ ఎండతో ఆహారం చేసుకునే సూక్ష్మజీవులు, 20 శాతం వరకు తగ్గాయని 2016లో వెలువడిన ఒక అధ్యయనం తెలిపింది. పైనీరు వేడెక్కి తేలికపడితే కింది చల్లని నీటితో కలవదు గనుక నైట్రేట్ వంటి పోషకాలు పైకి అందవని దాని వివరణ. కానీ ఉపగ్రహం చూసేది నీటి రంగును, దాని నుంచి లెక్కగట్టేది కాంతిని పట్టే ఆకుపచ్చ వర్ణకమైన పత్రహరితాన్ని. వెలుతురును బట్టి తన పత్రహరితాన్ని మార్చుకునే జీవి విషయంలో ఈ కొలత సరిపోతుందా?

తార్నాక సభ్యురాలు:
సరిపోదని నా అభిప్రాయం. నీటి కలయిక మందగించినప్పుడు ప్లవకాలు చీకటి లోతుల్లోకి దిగకుండా ఎండలోనే ఎక్కువసేపు ఉంటాయి. అంత ఎండలో కాంతిని పట్టే వర్ణకం కొద్దిగా ఉన్నా చాలు, పైగా మితిమీరిన కాంతి కణానికి హాని చేస్తుంది, అందువల్ల కొద్ది రోజులలోనే అవి పత్రహరితాన్ని తగ్గించుకుంటాయి. పోషకాలు కొరవడినా ఇదే జరుగుతుంది, ఎందుకంటే వర్ణకానికీ దానిని పట్టి ఉంచే ప్రోటీన్లకూ నైట్రోజన్ కావాలి. ప్రోక్లోరోకాకస్ అనే సూక్ష్మజీవిలో ఎండకు తగిన రకాలు ఉపరితలం దగ్గర, మసక నీలికాంతితో బతికే రకాలు లోతున వేర్వేరుగా పరిణమించాయి. కాబట్టి రంగు వెలిసినంత మేరకు కిరణజన్య సంయోగక్రియ కూడా పడిపోయిందని అనుకోలేము.

నిజాంపేట సభ్యుడు:
సర్దుబాటుకు హద్దు ఉందన్న సంగతిని మీరు వదిలేశారు. ఫాస్ఫరస్ కరవైనచోట కొన్ని ప్లవకాలు కణత్వచంలో ఫాస్ఫరస్ గల కొవ్వులైన ఫాస్ఫోలిపిడ్లకు బదులుగా గంధకం గల కొవ్వులను వాడుకుంటాయి. ఇనుము దొరకనిచోట అనేక డయాటమ్‌లు (కాస్త పెద్ద కణాలు గల వృక్ష ప్లవకాలు) ఇనుము గల ఫెర్రెడాక్సిన్ అనే ప్రోటీన్ పనిని ఇనుము అక్కరలేని ఫ్లేవోడాక్సిన్‌తో నెట్టుకొస్తాయి. నైట్రోజన్‌కు అటువంటి ప్రత్యామ్నాయం లేదు, అది లేనిదే ప్రోటీనే లేదు. అప్పుడు డయాటమ్‌ల స్థానాన్ని అతి చిన్న కణాలు ఆక్రమిస్తాయి, చేప దాకా చేరేలోపు ఆహారపు గొలుసులో మెట్లు పెరుగుతాయి, మెట్టుమెట్టుకూ శక్తి తరిగిపోతుంది. ప్లవకాలలోని మొత్తం కార్బన్, అంటే వాటి జీవరాశి, తగ్గకపోయినా మత్స్యకారుడికి నష్టమే.

తార్నాక సభ్యురాలు:
ఆ చివరి మాటతో పూర్తిగా ఏకీభవిస్తాను. నా అభ్యంతరం కొలత మీదనే. బంగాళాఖాతంలో గంగ, బ్రహ్మపుత్ర, గోదావరి తెచ్చే మంచినీరు పైన పరచుకోవడం వల్ల పోషకాలు కిందనే నిలిచిపోతాయి, పత్రహరితం కూడా తరచుగా పదుల మీటర్ల లోతున గరిష్ఠ స్థాయిలో ఉంటుంది. అది ఉపగ్రహానికి దాదాపుగా కనిపించదు. మన హైదరాబాద్‌లోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ చేపలు దొరికే చోట్లను సూచించడానికి ఈ పత్రహరితాన్నీ ఉపరితల ఉష్ణోగ్రతనూ వాడుతుంది. అక్కడ కావలసింది ఒక చోటికీ మరో చోటికీ పోలిక గనుక ఇబ్బంది లేదు. దశాబ్దాల ధోరణిని తేల్చాలంటే మాత్రం సముద్రంలో పైకీ కిందికీ తిరుగుతూ కొలిచే ఆర్గో తేలియాడే పరికరాల ద్వారా నైట్రేట్‌నూ, కార్బన్‌ను అంచనా వేయడానికి కణాల వల్ల చెదిరే కాంతినీ లోతులవారీగా కొలవాలి.

కూకట్‌పల్లి సభ్యుడు:
రంగు కొలతలు ఎడతెగకుండా దొరుకుతున్నది 1997 నుంచే గనుక అంతకు ముందరి దశాబ్దాలకు ఆధారం ప్రధానంగా కంప్యూటర్ నమూనాలే. ఆ నమూనాలలో పత్రహరితానికీ కార్బన్‌కూ మధ్య నిష్పత్తిని స్థిరంగా ఉంచారా, మారనిచ్చారా అన్నది చూడకుండా 20 శాతం అన్న అంకెపై నేను ఏ పక్షానా నిలబడలేను.