పెనాంగ్‌లో ఓడ ఆగేది ఒక్క పగలు: వీధి బండ్లా, ఒక్కచోట భోజనమా?

ప్రశ్న: సింగపూర్ నుంచి వెళ్ళే ఓడ ఉదయం 8కి మలేషియాలోని పెనాంగ్ దీవి మీదున్న జార్జ్‌టౌన్‌లో ఆగి సాయంత్రం 5కి కదులుతుంది. దంపతులు ఇద్దరే. ఆయన గొడ్డుమాంసం తప్ప అన్నీ తింటారు. ఆవిడ శాకాహారి, గుడ్డు పర్వాలేదు. ఓడ వాళ్ళ ఫుడ్ టూర్ తీసుకోవడం మంచిదా, సొంతంగా బండ్ల దగ్గర తినడమా, లేక ఏదైనా హోటల్లో స్థిమితంగా కూర్చోవడమా?

తీరయాత్రి: సొంతంగానే, బండ్ల దగ్గరే. ఓడ ఆగే స్వెటెన్‌హామ్ రేవు ఊళ్ళోనే ఉంది. గేటు దాటగానే గడియారస్తంభం, కార్న్‌వాలిస్ కోట. అక్కణ్ణుంచి లిటిల్ ఇండియాకి నడకే. 1786లో ఇంగ్లీషువాళ్ళు రేవు పెట్టాక హొక్కియన్, టియోచూ చైనీయులు, తమిళ ముస్లిములు పక్కపక్క వీధుల్లోనే స్థిరపడ్డారు. అందుకే ఇన్ని వంటలు ఇంత దగ్గరగా దొరుకుతాయి. ఒక్కచోట కూర్చుంటే దాంట్లో ఒక్క ముక్కే తిన్నట్టు.

ఏది తిన్నా ఇద్దరికీ కలిపి ఒక్క ప్లేటే చెప్పండి. లేకపోతే రెండో బండి దగ్గరికే కడుపు నిండిపోతుంది. "హొక్కియన్ మీ" అనే రసం నూడుల్స్ పొద్దున్నే తినాలి. రొయ్య తలలు, పెంకులు, పంది ఎముకలు మరిగించిన రసం అది. మధ్యాహ్నానికి చాలాచోట్ల గిన్నె ఖాళీ.

చార్ క్వే టియావ్ అనే నూడుల్స్ వేపుడు దగ్గర మాత్రం నిలబడి చూడండి. కణకణలాడే ఇనుప బాణలిలో పందికొవ్వు, వెల్లుల్లి, రొయ్యలు, వెడల్పాటి బియ్యం నూడుల్స్, సోయా సాస్, మిరపముద్ద. నూడుల్స్‌ని పక్కకి తోసి, ఖాళీ అయినచోట గుడ్డు కొడతారు. ఆఖర్న మొలకలు, వెల్లుల్లి వాసన వచ్చే కాడలు, సముద్రపు గుల్లలు. రెండు మూడు నిమిషాల్లో దించేస్తారు. చెయ్యి తిరిగినవాడు ఒక వాయికి ఒకటి రెండు ప్లేట్లే వేస్తాడు. ఆరు ప్లేట్లు ఒక్కసారే పోస్తే బాణలి చల్లారి, మొలకల నీరు ఊరి, వేపుడు కాస్తా ఉడుకుడవుతుంది. క్యూ మెల్లగా కదలడానికి కారణం అదే, విసుక్కోకండి. గుల్లలు సగం పచ్చిగానే దించుతారు కాబట్టి పొట్ట సున్నితమైతే "తక్ మౌ కెరాంగ్" (మలయ్‌లో "గుల్లలు వద్దు") అనండి.

కొబ్బరాకు: తీరయాత్రి గారూ, మీరు చెప్పిన రెండింటిలో ఆవిడ తినగలిగేది ఏముంది? పైగా ఇద్దరికీ ఒక్క ప్లేటు అంటున్నారు! రొయ్యలు ఏరేస్తే శాకాహారం అయిపోదండీ. ఒకదాంట్లో పందికొవ్వు, ఒకదాంట్లో ఎముకల రసం. సంబల్ అనే మిరప పచ్చడిలో బెలాచాన్ అనే రొయ్యల ముద్ద ఉంటుంది. పండ్లముక్కల రోజాక్ చూడ్డానికి అమాయకంగా ఉంటుంది గానీ, పైన పోసే నల్లటి పాకంలో హే కో, అదీ రొయ్యలదే. "సాయూర్" అని అడిగితే కూరగాయలు వేస్తారు, వాటితోపాటు ఎండురొయ్యలూ వేస్తారు.

ముందు ఆవిడ భోజనం ఎక్కడో తేల్చుకుని, దాని చుట్టూ ఆయన బండ్లు చూసుకోవాలి. లిటిల్ ఇండియాలో అరిటాకు భోజనం దొరుకుతుంది, తమిళం చెల్లుతుంది. చైనా రుచే కావాలంటే బౌద్ధుల శాకాహార హోటళ్ళున్నాయి. బోర్డు మీద చాలాసార్లు స్వస్తిక గుర్తు కనిపిస్తుంది. అక్కడ ఉల్లి, వెల్లుల్లి కూడా వెయ్యరు. గుడ్డు మాత్రం అడిగి తెలుసుకోవాలి.

రేవు_లెక్క: ఇద్దరూ గడియారం మర్చిపోయారు. 5కి కదిలే ఓడలోకి మామూలుగా 4కో 4:30కో ఎక్కేయాలి. దిగేసరికే 9 అవుతుంది. మిగిలేది ఏడు గంటలు, అందులో మధ్యాహ్నం ఎండ. గర్నీ డ్రైవ్, చూలియా వీధి రాత్రి బండ్ల గురించి చదివి ఆశపడకండి, అవి జోరందుకునేది సాయంత్రమే. ఓడ వాళ్ళ టూర్ ఆలస్యమైతే ఓడ ఆగుతుంది. సొంతంగా వెళ్ళినవాళ్ళ కోసం ఆగదు, తర్వాతి రేవుకి సొంత ఖర్చుతో చేరుకోవాలి. సింగపూర్‌కీ పెనాంగ్‌కీ టైము ఒకటే. అదే ఓడ ఫుకెట్ వెళ్తే అక్కడ గంట వెనక. ఫోను తనంతట తాను టైము మార్చేసుకుంటుంది, ఓడ మార్చకపోవచ్చు. చేతికి గడియారం పెట్టుకుని ఓడ టైమే ఉంచండి.

తీరయాత్రి: కొబ్బరాకు గారి మాట ఒప్పుకుంటున్నాను, శాకాహారం సంగతి నేను తేలిగ్గా తీసుకున్నాను. ప్లేటు పంచుకోవడం ఇద్దరూ తినేవాటికే. టూర్ మాత్రం ఇప్పటికీ వద్దనే అంటాను. నలభై మందిని దించితే ఏ బండివాడైనా పెద్ద వాయిలు వెయ్యక తప్పదు, పైన చెప్పిన ఉడుకుడే చేతికొస్తుంది. 3 గంటలకల్లా రేవు వైపు మళ్ళితే భయం లేదు.

ఆయనకి అస్సాం లక్సా తప్పనిసరి. మన చేపల పులుసుకి దగ్గరి చుట్టం. కానాగంతలు ఉడికించి, ముళ్ళు తీసి చిదిపి, చింతపండు పులుపులో మరిగిస్తారు. లావుపాటి బియ్యం నూడుల్స్ మీద ఆ పులుసు పోసి పుదీనా, దోసకాయ, అనాస ముక్కలు చల్లుతారు. అల్లంజాతి పువ్వు మొగ్గ సన్నగా తరిగి వేస్తారు, ఆ వాసనే దాని ప్రాణం. స్పూనులో ఇచ్చే హే కో ఒక్కసారే కలిపెయ్యకండి, సగం వేసి రుచి చూడండి.

కొబ్బరాకు: గొడ్డుమాంసం తిననివాళ్ళకి నాసి కందార్ దగ్గర ఒక జాగ్రత్త. "కందార్" అంటే కావడి. ఒకప్పుడు తమిళ ముస్లిములు కావడి మోసుకుంటూ అన్నం, కూరలు అమ్మిన పేరు అది. అందులో రుచంతా నాలుగైదు కూరల పులుసులు ఒకే అన్నం మీద కలిపి పోయడంలో ఉంది. "బంజీర్" అంటే వరదలా పోస్తారు. చిక్కు కూడా అక్కడే: ఆ పులుసుల్లో "దాగింగ్" ఒకటి కావచ్చు, అక్కడ అది గొడ్డుమాంసం. మేక కావాలంటే "కంబింగ్". పళ్ళెం చేతిలోకి తీసుకోకముందే "తక్ మౌ కువా దాగింగ్" అని పులుసు కూడా వద్దని చెప్పాలి. పెద్ద రొయ్య, చేపగుడ్లు సైజుని బట్టి ధర కాబట్టి ముందే అడగండి.

ఇద్దరికీ పనికొచ్చేది చెండోల్: పాందాన్ అనే సువాసన ఆకుతో పచ్చగా చేసిన పిండి సేవలు, రాజ్మా, కొబ్బరిపాలు, మంచు, గులా మెలాకా అనే బెల్లం పాకం. ఆ బెల్లం కొబ్బరి గెల నుంచి తీసిన తియ్యటి నీరాది, మన తాటిబెల్లంలాగే లేశంగా పొగ వాసన. ఊరికి పట్టుకెళ్ళే తౌ సార్ పియా బిస్కెట్లు ఆవిడ కోసమైతే పెట్టె మీద చదివి కొనండి, పాతకాలపు పద్ధతిలో వాటికి పందికొవ్వు కలుపుతారు.