ఎనిమిదో తరగతికి డిస్టోపియా నవలలు అవసరమా?

పెరుంగుడి అమ్మ:
చెన్నైలో ఉన్న మన తెలుగువాళ్లందరినీ ఒక మాట అడగాలి. మా అమ్మాయి ఎనిమిదో తరగతి. ఇంగ్లీష్ సబ్జెక్టులో లోయిస్ లౌరీ నవల ‘ది గివర్’ చదవమన్నారు. 1993లో వచ్చిన డిస్టోపియా నవల, అంటే మనుషుల్ని అణిచేసే ఒక భయంకరమైన ఊహాలోకం కథ. అందులో ఊళ్లో గొడవల్లేవు, ఆకలి లేదు, రంగులు కూడా లేవు. ఎవరు ఏ పని చెయ్యాలో పెద్దలే నిర్ణయిస్తారు. కవలలు పుడితే బరువు తక్కువున్న పసివాణ్ణి ‘విడుదల’ చేస్తారు. విడుదలంటే చంపెయ్యడమని కథలోని కుర్రాడికి తెలిసేసరికి, సూది గుచ్చుతున్నది వాళ్ల నాన్నే. అదీ ముద్దుముద్దుగా మాట్లాడుతూ.

మా అమ్మాయి ఆ పేజీ దగ్గర పుస్తకం మూసేసి, హాల్లో లాప్‌టాప్ ముందున్న వాళ్ల నాన్న దగ్గరికెళ్లి, "రూల్ అంటే నువ్వూ అలా చేసేస్తావా నాన్నా?" అంది. ఆయన నోట మాట రాలేదు. ఆ రాత్రి పిల్ల సరిగ్గా నిద్రపోలేదు. పేరెంట్స్ మీటింగ్‌లో గట్టిగా అడుగుతానంటున్నారాయన. పదమూడేళ్లకి ఇవన్నీ కావాలంటారా?

అంబత్తూరు నాన్న:
అక్కర్లేదమ్మా. మీ ఆయన అడగడంలో తప్పేం లేదు. మావాడికి ‘ది హంగర్ గేమ్స్’ ఇచ్చారు. 24 మంది పిల్లల్ని ఒకచోట వదిలిపెట్టి, ఒక్కరు మిగిలేదాకా చంపుకోమంటారు, దాన్ని దేశమంతా టీవీలో చూడాలి. అది ఎంత ఘోరమో చూపించడానికే ఆ కథ అని టీచర్ చెప్పారు. సరే. మావాడి తలకెక్కింది మాత్రం విల్లు, బాణాలు. ఎవరు ఎలా చచ్చారో వరసగా చెప్తాడు. పరీక్షలో ఏమిచ్చారు? డిస్టోపియా లక్షణాలు అయిదు రాయమన్నారు. నిఘా, ప్రచారం, స్వేచ్ఛ లేకపోవడం... బట్టీ కొట్టి రాశాడు, మార్కులు పడ్డాయి. ఒంటబట్టిందేమిటో నాకైతే కనబడలేదు.

వేళచ్చేరి టీచర్:
నేను ఇంగ్లీషే చెప్తాను. సార్, ఆ అయిదు లక్షణాల ప్రశ్న విషయంలో నేను మీ వైపే. లిస్టు బోర్డు మీద రాసి మొదలుపెడితే ఇక పిల్లలు కథ చదవరు, లిస్టుకి టిక్కులు పెడతారు.

నేను మొదట ఇచ్చేది రే బ్రాడ్‌బరీ కథ ‘ది పెడెస్ట్రియన్’. 1951 నాటిది, కొద్ది పేజీలే. 2053లో ఒకాయన రాత్రిపూట ఊరికే వాకింగ్‌కి బయల్దేరతాడు. ఊరంతా తలుపులేసుకుని టీవీల ముందుంది. ముప్పై లక్షల జనాభాకి మిగిలిన ఒకే ఒక్క పోలీసు కారు ఆయన్ని ఆపి, ఏం చేస్తుంటావని అడుగుతుంది. రచయితనంటాడు. ‘ఉద్యోగం లేదు’ అనుకుంటుంది కారు. ఎందుకు నడుస్తున్నావు? గాలి కోసం. ఇంట్లో ఏసీ ఉందిగా? చివరికి ఎక్కించుకుని మానసిక చికిత్స కేంద్రానికి తీసుకుపోతుంది. ఆ కారు నడిపే మనిషంటూ ఎవరూ ఉండరు. రక్తం లేదు, చావు లేదు. ఇందులో విలన్ ఎవరని అడిగితే క్లాసంతా తల గోక్కుంటుంది. మన సినిమాల అలవాటు మరి, ఎవరో ఒకణ్ణి కొట్టాలి కదా.

తర్వాత ఒక పని చెప్తాను. 2019 వేసవి మీకు గుర్తుండే ఉంటుంది. చెన్నైకి నీళ్లిచ్చే పూండి, చోళవరం, రెడ్‌హిల్స్, చెంబరంబాక్కం చెరువులు ఎండిపోయి, జులైలో జోలార్‌పేట నుంచి 50 వ్యాగన్ల రైల్లో నీళ్లు తెచ్చారు. అలాంటి రోజుల్లో అపార్ట్‌మెంట్ అసోసియేషన్ పెట్టదగ్గ మంచి రూల్ ఒకటి రాయమంటాను. దాన్ని ఎవరూ ఎత్తెయ్యకుండా యాభై ఏళ్లు సాగదియ్యమంటాను. ఒక పిల్ల ‘ఇంటికి ఇన్ని బిందెలు’ అని మొదలుపెట్టింది. తర్వాతి పేరాలో చుట్టాలు రావాలంటే సెక్రటరీ సంతకం కావాలి. ఆ తర్వాత అమ్మమ్మ రావడం మానేసింది. చివర్లో పక్కింటి కుళాయి చప్పుడు విని చెప్పినవాళ్లకి ఒక బిందె ఎక్కువ. నిఘా అనే మాట నేను ఎత్తనేలేదు.

పెరంబూరు కుర్రాడు:
మేడమ్, మీ క్లాసులో ఉంటే బాగుండేదనిపించింది. కానీ రక్తం లేనివే ఏరి ఇవ్వడం నాకు నచ్చలేదు. జార్జ్ ఆర్వెల్ నవల ‘యానిమల్ ఫామ్’ మొదట్లో జంతువుల కథలా నవ్విస్తుంది. బాక్సర్ అనే గుర్రాన్ని ఆసుపత్రికని చెప్పి బండెక్కిస్తారు. ఆ బండి మీద కబేళా పేరుంటుంది, అది చదివి చెప్పేది గాడిద. ప్లస్ టూలో ఆ పేజీ చదివాక రెండ్రోజులు అన్నం సయించలేదు. పాఠం అక్కడే ఉంది, దాన్ని తీసేస్తే ఇంకేం మిగుల్తుంది? పెరుంగుడి అక్కా, మీ అమ్మాయి సరిగ్గా అడగాల్సిందే అడిగింది.

అంబత్తూరు నాన్న:
నీకు పిల్లలు లేరు బాబూ, అందుకే అలా అంటున్నావు. అర్ధరాత్రి లేచి కూర్చున్న పిల్లని సముదాయించేది ఇంట్లోవాళ్లు. ఈ ‘గివర్’ మీద అమెరికాలోనే 1990లలో బోలెడు అభ్యంతరాలొచ్చాయి. మేడమ్ చెప్పిన బిందెల కథ మాత్రం బాగుంది, అలాంటివి ఎన్నైనా రాయించండి. నవలలు పదో తరగతి దాటాకే.

వేళచ్చేరి టీచర్:
అభ్యంతరాలొచ్చిన మాట నిజం. 1994లో న్యూబెరీ మెడల్ వచ్చింది కూడా దానికే సార్, అక్కడ పిల్లల పుస్తకాలకి అంతకంటే పెద్ద గుర్తింపు లేదు. పెరుంగుడి మేడమ్, నన్నడిగితే తప్పు పుస్తకంలో లేదు. అలాంటి చాప్టర్‌ని ఇంటికి పంపి ఒంటరిగా చదివించకూడదు. క్లాసులో గట్టిగా చదివి, ఆ పీరియడంతా పిల్లల్ని మాట్లాడనివ్వాలి. మీటింగ్‌లో అది అడగండి, ఏ టీచరైనా వింటారు.

పెరుంగుడి అమ్మ:
ఇదంతా మా ఆయనకి చదివి వినిపించాను. పుస్తకం తీసెయ్యమని అడగనన్నారు, క్లాసులో చదివించమని అడుగుతారట. ఈలోగా తండ్రీకూతుళ్లిద్దరూ కూర్చుని మిగతాది పూర్తిచేశారు. ఇప్పుడు వేరే గొడవ. ఆఖర్న ఆ కుర్రాడు బతికినట్టా కాదా? ఈయన చచ్చిపోయాడంటారు, ఇది ఒప్పుకోదు. చదివినవాళ్లు చెప్పండి.

పెరంబూరు కుర్రాడు:
లౌరీ ఆ వరసలో ఇంకో మూడు నవలలు రాశారక్కా. చెప్పేస్తే మజా పోతుంది.