రూమ్మేట్‌తో చెడితే ‘బ్రేక్ అప్’ అనొచ్చా?

మారతహళ్ళి మూడో ఫ్లోర్:
బెంగళూరులో మూడేళ్ళు కలిసున్న రూమ్మేట్‌తో కరెంటు బిల్లు దగ్గర చెడింది. వాడు సామాను సర్దుకుని కేఆర్ పురం వెళ్ళిపోయాడు. సోమవారం నా మొహం చూసి మేనేజర్ ఏమైందని అడిగితే, ‘ఐ బ్రోక్ అప్ విత్ మై రూమ్మేట్’ అన్నాను. మీటింగ్ మొత్తం సైలెంట్. తర్వాత ఆవిడ పక్కకి పిలిచి, కావాలంటే లీవ్ తీసుకోమన్నారు. విడిపోయాం కదా, నా తప్పేంటి?

ఫిల్టర్ కాఫీ:
తప్పే. బ్రేక్ అప్ తర్వాత ‘విత్’, దాని వెనకే ఒక మనిషి వస్తే ఎవరైనా ప్రేమ వ్యవహారమే అనుకుంటారు. మీది ఫాల్ ఔట్. మన ‘చెడింది’కి అచ్చంగా సరిపోయే మాట. రేపు మళ్ళీ కలిసిపోయినా ఇబ్బంది లేదు.

సిల్క్ బోర్డ్ సిగ్నల్:
ఒప్పుకోను. 1970లో బీటిల్స్ బ్యాండు వాళ్ళు బ్రేక్ అప్ అయ్యారంటాం, వాళ్ళేమన్నా ప్రేమించుకున్నారా? బ్రిటన్‌లో బడికి సెలవులిచ్చినా పిల్లలు ‘వి బ్రేక్ అప్ ఆన్ ఫ్రైడే’ అంటారు.

ఫిల్టర్ కాఫీ:
వాటిలో ‘విత్’ ఏదండీ? బ్యాండు బ్రేక్ అప్ అయితే అందరూ కలిసి అయినట్టు. స్ప్లిట్ అప్ కూడా అంతే, కాకపోతే పెళ్ళయినవాళ్ళ గురించి ఎక్కువ వింటాం. నిశ్చితార్థం రద్దయితే బ్రేక్ ఆఫ్, దాని వెనక ‘ద ఎంగేజ్‌మెంట్’ రావాలి. మా పిన్ని కూతురి సంబంధం తప్పిపోయినప్పుడు మా బావ ఫ్యామిలీ గ్రూప్‌లో ‘దే బ్రోక్ అప్’ అని పెట్టాడు. అంటే ముందే ప్రేమించుకున్నారా అని మా పెద్దమ్మ రెండు రోజులు ఆరా తీసింది.

సిల్క్ బోర్డ్ సిగ్నల్:
ఇప్పుడు స్నేహం తెగినా ‘ఫ్రెండ్ బ్రేకప్’ అంటున్నారు మేడం. మాట మారుతోంది.

ఫిల్టర్ కాఫీ:
అందుకేగా ముందు ‘ఫ్రెండ్’ అని తగిలించాల్సి వస్తోంది!

నెల్లూరు కారం:
గొడవే లేకపోతే? మా ఇంజినీరింగ్ బ్యాచ్‌లో ఒకడు వైట్‌ఫీల్డ్, ఒకడు ఎలక్ట్రానిక్ సిటీ. ఒకే ఊళ్ళో ఉండి కలిసి ఏడాదైంది.

ఫిల్టర్ కాఫీ:
డ్రిఫ్ట్ అపార్ట్. మెల్లగా, తెలియకుండానే దూరమవడం. మీ విషయంలో తప్పు ట్రాఫిక్‌ది.

మారతహళ్ళి మూడో ఫ్లోర్:
సరే, ఫాల్ ఔటే. మేనేజర్‌కి ఇప్పుడు దిద్ది చెప్పాలా? శుక్రవారానికి లీవ్ శాంక్షన్ అయిపోయింది.