అప్‌డేట్: చంకల్లో షేవ్ చేశాక వచ్చే ఎర్ర పొక్కులు తగ్గాయి

షేవ్ చేసిన మర్నాడే చంకల్లో మంట, ఎర్రటి పొక్కులు వస్తున్నాయని అడిగాను కదా. సలహాలిచ్చిన అక్కలందరికీ థ్యాంక్స్.

నల్లగొండలో స్కిన్ డాక్టరమ్మకు చూపించాను. వెంట్రుకల కుదుళ్ల వాపు, ఫాలిక్యులైటిస్ అన్నారు. కొన్నిచోట్ల వెంట్రుక మళ్లీ చర్మం లోపలికే పెరిగింది. బోరునీళ్ల ఫ్లోరైడ్ వల్లేమో అని చాలామంది అన్నారు, నాకూ అదే టెన్షన్. దానికీ దీనికీ సంబంధం లేదట. నిమ్మకాయ, వంటసోడా మాత్రం అస్సలు రుద్దొద్దన్నారు. పొక్కులు మానేదాకా షేవింగ్ బంద్.

ఆ తర్వాత పనిచేసింది "రాత్రి స్నానం చేశాక షేవ్ చెయ్యి" అన్న సలహానే. గోరువెచ్చని నీళ్లకు వెంట్రుకలు మెత్తబడతాయి. చెయ్యి పైకెత్తి, షేవింగ్ జెల్ రాసి, పదునైన బ్లేడుతో నొక్కకుండా గీసుకోవాలి. చంకలో వెంట్రుకలు ఒకే వైపుకు పెరగవు. అందుకే ఎటు పెరిగితే అటే, రేజర్‌ని చిన్న చిన్నగా లాగాలి, ఒకే చోట పదేపదే గీయొద్దు. డియోడరెంట్ తెల్లారాకే. రేజర్ కూడా ఎవరిది వాళ్లదే ఉండాలి (మా ఇంట్లో దాన్ని దాచడమే పెద్ద పని!).

గడ్డలా లేచి చీము పట్టినా, జ్వరం వచ్చినా ఇవేవీ చేయకుండా నేరుగా డాక్టర్ దగ్గరికే వెళ్లండి.