హైస్కూల్ పిల్లలకు క్లాసులో ట్యాబులు ఉండాలా వద్దా? (రాజకీయాలు పక్కనపెట్టి మాట్లాడండి)

పల్నాడు_నాన్న:
మా చిన్నోడు ఈ ఏడు జడ్పీ హైస్కూల్లో ఎనిమిదికి వచ్చాడు. మొన్న పేరెంట్స్ మీటింగులో ఒకాయన లేచి మునుపటిలాగా మళ్ళీ ట్యాబులు ఇప్పించండి, క్లాసులోనే వాడించండి అని అడిగారు. ఆయన కూర్చోకముందే ఇంకో ఆవిడ "బాబోయ్ వద్దు, ఇంట్లో ఉన్న ఫోన్లతోనే చస్తున్నాం" అన్నది. అంతే, మీటింగు కాస్తా రెండు పార్టీలైపోయింది, హెచ్‌ఎం గారు టీలు తెప్పించి ఎలాగో సర్దేశారు.

తెలియనివాళ్ళ కోసం: 2022 డిసెంబర్ 21న బాపట్ల జిల్లా యడ్లపల్లిలో మొదలుపెట్టి, ఏపీ ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల్లో ఎనిమిదో తరగతి పిల్లలకీ వాళ్ళకి చెప్పే టీచర్లకీ కలిపి 5,18,740 ట్యాబులు ఇచ్చారు. బైజూస్ అనే ఆన్‌లైన్ చదువుల కంపెనీ పాఠాలు ముందే ఎక్కించి ఉండేవి, నెట్ లేకపోయినా చూసుకోవచ్చు. మరుసటేడు అదే తేదీన చింతపల్లిలో రెండో విడత, ఇంకో 4 లక్షల 34 వేల చిల్లర. 2024లో ప్రభుత్వం మారాక పంపిణీ ఆగిపోయింది. ఎవరు మంచోళ్ళు, ఎవరు చెడ్డోళ్ళు అన్న గోల ఇక్కడ వద్దు. క్లాసులో పిల్లోడి చేతిలో తెర ఉంటే చదువు బాగుపడుతుందా, చెడుతుందా? అంతే నా ప్రశ్న.

జడ్పీ_లెక్కల_మాస్టారు:
వద్దు. నేను రెండు విడతల ట్యాబులతోనూ క్లాసు చెప్పినవాణ్ణి కాబట్టి గట్టిగానే అంటున్నా. పీరియడ్ 45 నిమిషాలు అనుకోండి. ట్యాబులు తీయండి అనగానే ఇద్దరు ముగ్గురు ఇంట్లో మర్చిపోయామంటారు, కొందరిది చార్జింగ్ ఉండదు, వాళ్ళని పక్కవాళ్ళతో సర్ది కూర్చోబెట్టి అందరూ ఒకే పాఠం తెరిచేసరికి పది పదిహేను నిమిషాలు పోతాయి, ఇక మిగిలిన టైములో వీడియో నడుస్తుంటే నేను బెంచీల మధ్య తిరుగుతూ ఎవడు ఏం చూస్తున్నాడో కాపలా కాయాలి. లెక్క చెప్పేవాడు లెక్క చెప్పాలా, కాపలా కాయాలా? నేను ముందు నిలబడితే నాకు కనిపించేది ట్యాబుల వీపులే.

ఇది నా ఒక్కడి సణుగుడు కాదు. పదిహేనేళ్ళ పిల్లల చదువుని దేశాల మధ్య పోల్చే పీసా సర్వే ఉంది కదా, 2022 దాంట్లో ఓఈసీడీ దేశాల (ఎక్కువగా ధనిక దేశాల కూటమి) పిల్లల్లో సగటున 65 శాతం మంది, కనీసం కొన్ని లెక్కల క్లాసుల్లోనైనా డిజిటల్ పరికరాల వల్ల తమ ధ్యాస చెదిరిందని చెప్పారు. మన బడులకంటే ఎన్నో రెట్లు వసతులున్న దేశాలవి. స్వీడన్ అయితే 2023లో మళ్ళీ అచ్చు పుస్తకాల దారి పట్టి, ఆ ఒక్క ఏడాదికే పుస్తకాలకని 685 మిలియన్ క్రోనర్లు పెట్టింది.

చార్మినార్_కోడర్:
మాస్టారూ, కోపం తెచ్చుకోకండి గానీ, హైదరాబాద్‌లో నా కొలీగ్స్ పిల్లలు చదివే స్కూళ్ళలో ట్యాబ్ ఫీజు విడిగా కడుతున్నారు, ఆరో తరగతి నుంచే కోడింగ్ అంటున్నారు. వాళ్ళకేమో ఐప్యాడ్, జడ్పీ బడి పిల్లలకేమో స్వీడన్ కబుర్లు! స్వీడన్ ఇరవై ఏళ్ళు కంప్యూటర్లు వాడి విసుగెత్తి వెనక్కి చూస్తోంది, మనవాడు మౌస్ పట్టుకోకముందే వద్దంటే ఎట్లా? ఇంటర్ అయ్యాక రాసే ఎప్‌సెట్ కంప్యూటర్ మీదే, జేఈఈ మెయిన్ కంప్యూటర్ మీదే. ఊళ్ళో పిల్లోడు మొదటిసారి స్క్రీన్ మీద ప్రశ్న చూసేది ఎగ్జామ్ సెంటర్లోనా?

ఇంకోటి, పీసాలోంచి మీకు కావాల్సిన ముక్క తీసుకున్నారు. అదే సర్వేలో, కుటుంబ స్థితిగతుల తేడా తీసేశాక కూడా, బడిలో చదువు కోసం రోజుకు గంట వరకు డిజిటల్ పరికరాలు వాడిన పిల్లలు అసలు వాడనివాళ్ళకంటే లెక్కల్లో 14 పాయింట్లు ఎక్కువ తెచ్చుకున్నారని కూడా ఉంది. అది చెప్పలేదేం?

జడ్పీ_లెక్కల_మాస్టారు:
చెప్పకేం, గంట వరకు అనే మాటే నాకూ కావాలి. ఆ గంట ఎవరి చేతిలో ఉండాలన్నదే నా గొడవంతా. ఐటీ ఆఫీసులో ఏసీలో కూర్చుని మా క్లాసు గురించి తీర్పులు చెప్తుంటే ఎద్దు పుండు కాకికి ముద్దా అనిపిస్తుంది, ఏమనుకోకండి.

ట్యాబ్_బ్యాచ్_2022:
సార్ నమస్తే, నేను మొదటి విడత ట్యాబ్ తీసుకున్న బ్యాచ్, ఇప్పుడు ఇంటర్. రెండు వైపులా కొంచెం కొంచెం నిజమే సార్. సైన్స్ వీడియోలు నిజంగా బాగుండేవి, గుండె రక్తాన్ని ఎలా కొడుతుందో బొమ్మలో కదులుతూ చూశాకే నాకు అర్థమైంది, పైగా తెలుగులో కూడా వినొచ్చు. మాది అప్పటికే ఇంగ్లిష్ మీడియం, బుక్‌లో ఒక పేజీ ఇంగ్లిష్ పక్క పేజీ తెలుగు ఉన్నా చదవబుద్ధి కాని వాళ్ళు వీడియో మాత్రం చూసేవాళ్ళు.

కానీ క్లాసులో వాడింది తక్కువ సార్. మొదట్లో రోజూ తెమ్మన్నారు, తర్వాత వారానికోసారి, తర్వాత చెకింగ్ ఉన్నప్పుడే. పాఠాలు తప్ప ఇంకేమీ తెరుచుకోకుండా లాక్ ఉండేది, ఆ లాక్ తీసే అన్న మా టౌన్లో సెల్ షాపులోనే ఉండేవాడు, ఇక గేములు, రీల్స్ అన్నీ. పదో తరగతికి వచ్చేసరికి స్లిప్ టెస్టులు, స్టడీ అవర్లు, బిట్లు. ఎగ్జామ్ పెన్నుతో రాయాలి కదా, ట్యాబ్ ఎవరు ముడతారు. మా చెల్లి బొమ్మలు గీసుకునేది దాంట్లో.

డాలస్_అమ్మ:
మా దగ్గర పరిస్థితి చెప్తాను, అమెరికాని చూసి నేర్చుకోండి అనే ఉద్దేశం లేదు. డాలస్ శివార్లలో మా బాబు మిడిల్ స్కూల్. బడి ఇచ్చిన క్రోమ్‌బుక్ (చిన్న ల్యాప్‌టాప్) ఉంటుంది, హోంవర్క్ అందులోనే, చివరికి రాష్ట్రం పెట్టే స్టార్ పరీక్ష కూడా 2023 నుంచి పూర్తిగా ఆన్‌లైనే. మరోపక్క టెక్సాస్‌లో 2025లో చట్టం తెచ్చి బడి టైములో పిల్లల సొంత ఫోన్లు బంద్ చేశారు, బడి ఇచ్చిన పరికరాలకి మాత్రం మినహాయింపు. అంటే తెర వద్దని కాదు, ఎవరి తెర అన్నదే లెక్క.

ఇంత పద్ధతిగా ఉన్నా మావాడు మ్యాథ్స్ క్లాసులో బ్రౌజర్లో ఇంకో పేజీ తెరిచి ఆటలాడి దొరికాడు. స్కూల్ వాళ్ళు ఒక సైట్ బ్లాక్ చేస్తే పిల్లలు ఇంకోటి వెతుకుతారు. చేతిరాత సంగతైతే అడగొద్దు, తెలుగు బడిలో "క్ష" రాయమంటే వాడికి చేతులు నొప్పులొస్తాయి. అయితే ఆ పరీక్ష కీబోర్డ్ మీదే కాబట్టి క్రోమ్‌బుక్ వాడకానికి అర్థం ఉంది. మన పదో తరగతి మూడు గంటలకు పైగా పెన్నుతో రాసే పరీక్ష. పరీక్ష మార్చకుండా పరికరం మారిస్తే ఏం లాభం అండీ?

కస్తూర్బా_ఇంగ్లిష్_టీచర్:
మీరంతా ఇంటికెళ్ళే పిల్లల గురించే మాట్లాడుతున్నారు. నేను కేజీబీవీలో (కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయం) పాఠాలు చెప్తాను, ఆడపిల్లలు, హాస్టల్. ఫోన్లు ఉండవు. పండక్కి ఇంటికెళ్తే ఫోన్ అన్న చేతిలో ఉంటుంది, వీళ్ళకి దొరకదు. వాళ్ళకి దొరికిన ఒకే ఒక తెర ఆ ట్యాబ్. మా దగ్గర రాత్రికి బీరువాలో పెట్టి తాళం, సాయంత్రం స్టడీ అవర్‌లో ఇవ్వడం, అయ్యాక లెక్కపెట్టి తీసుకోవడం. చార్జింగ్ కోసం బీరువా పక్కనే ప్లగ్గుల వరస పెట్టించుకున్నాం. ఉచ్చారణ నాలుగుసార్లు వెనక్కి తిప్పి వినేవాళ్ళు, క్లాసులో నన్ను నాలుగోసారి అడగడానికి సిగ్గుపడే పిల్లలే. ఏ లాక్ తీసే షాపుకీ వెళ్ళే వీలు లేదు వాళ్ళకి.

కాబట్టి మాస్టారు గారూ, మీ బడిలో కుదరలేదంటే నమ్ముతాను, కానీ "వద్దు" అని రాష్ట్రమంతటికీ కలిపి ఒకే మాట అనకండి. మా పిల్లల దగ్గర్నుంచి లాగేసుకుంటే వాళ్ళకి మళ్ళీ ఎవరిస్తారు?

జడ్పీ_లెక్కల_మాస్టారు:
మేడమ్, మీరు చెప్పినదాంట్లోనే నా మాట ఉంది. మీ దగ్గర ట్యాబ్ బడిది. మా దగ్గర అది పిల్లోడి ఇంటి వస్తువు అయిపోయింది, సంచిలో వచ్చి సంచిలో పోతుంది. కేరళ చూడండి, 2018 నుంచి ఎనిమిది మొదలుకొని పన్నెండు దాకా 45,000 క్లాసు గదుల్లో ల్యాప్‌టాప్, ప్రొజెక్టర్ పెట్టారు, పిల్లల చేతికి తలా ఒకటి ఇవ్వలేదు. ఉచిత సాఫ్ట్‌వేరే వాడుతున్నారు, ఏ కంపెనీ దయా అక్కర్లేదు. పైగా పదో తరగతిలో ఐటీ ప్రాక్టికల్ పరీక్ష ఉంటుంది, అందుకే కంప్యూటర్ మీద దుమ్ము పట్టదు. మనం చూస్తే కోట్ల ట్యాబుల్లో ఒక కంపెనీ పాఠాలు నింపాం, ఆ కంపెనీ 2024 జూలైలో దివాలా ప్రక్రియలోకి వెళ్ళింది. ఇక సిలబస్ మారితే పాఠాలు ఎవర్ని మార్చమంటాం?

నాడు-నేడులో (ఏపీలో బడుల్ని బాగుచేసిన పథకం) గోడకి పెట్టిన పెద్ద టచ్ తెర, ఆ ప్యానెల్ నాకు చాలు. జియోజీబ్రా అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో త్రిభుజం కోణం లాగితే ఏమవుతుందో అందరూ ఒకేసారి చూస్తారు, వెంటనే నోటుబుక్‌లో వృత్తలేఖినితో గీయిస్తా. తెర ఒకటే, అది నా కళ్ళముందే.

చార్మినార్_కోడర్:
లక్షల ట్యాబులు మాస్టారూ, కోట్లు కాదు 🙂. ప్యానెల్ మీద మీరు లాగితే పిల్లోడు చూస్తాడు, వాడు ఎప్పుడు లాగుతాడు? సినిమా చూసినట్టే కదా అది కూడా. కంపెనీ పాఠాల విషయంలో మాత్రం మీ మాటే నా మాట, ప్రభుత్వ డబ్బుతో కొన్న పాఠం ప్రభుత్వం దగ్గరే ఉండాలి, దీక్షా లాంటి ప్రభుత్వ పాఠాల వేదిక ఉండగా ఎవరికో అప్పగించడం ఏంటో. నేనడిగేది ఇదీ: బడికి ఒక సెట్ ట్యాబులు, అంటే ఒక సెక్షన్‌కి సరిపడా, మేడమ్ చెప్పినట్టు తాళం బీరువాలో. ఏ పీరియడ్‌కి కావాలంటే ఆ టీచర్ తీసుకెళ్తారు. ప్రతి పిల్లోడికీ కొనే డబ్బులో చిన్న ముక్కతో అయిపోతుంది.

పల్నాడు_నాన్న:
అందరికీ థ్యాంక్స్. సెట్ ఆలోచన బాగుంది, మా మీటింగులో పెడతా. కానీ ఒకటి చెప్పండి, స్క్రీన్ పగిలితే ఎవరు కట్టాలి? మా పెద్దోడిది పగిలితే బాగుచేయించడానికి నేనే తిరిగా, చివరికి అలాగే వాడాడు. ఇప్పుడు బడి బీరువాలోది పగిలితే హెచ్‌ఎం గారు టీచర్‌ని అడుగుతారు, టీచర్ ఆఖరున ముట్టుకున్న పిల్లోణ్ణి అడుగుతారు, ఆ పిల్లోడి నాన్న నాలాంటి కూలీ అయితే?

కస్తూర్బా_ఇంగ్లిష్_టీచర్:
ఆ భయానికే చాలా బడుల్లో సామాను బీరువాలోంచి బయటికి రాదు. మా దగ్గర పగిలినవి పక్కన పెట్టి ఇద్దరికి ఒకటి ఇచ్చాం, పిల్లల్ని అడగలేదు. రిపేరుకి విడిగా నిధి ఇస్తామని కాగితం మీద రాసిస్తేనే సెట్ తీసుకోండి, లేకపోతే మీ హెచ్‌ఎం గారు తాళం తీయరు.

జడ్పీ_లెక్కల_మాస్టారు:
తాళంచెవి నాకివ్వమనండి. రిపేరు నిధి కాగితం వచ్చాకే.

చార్మినార్_కోడర్:
అంటే ఒప్పుకున్నట్టేనా మాస్టారూ?

జడ్పీ_లెక్కల_మాస్టారు:
సెట్‌కి ఒప్పుకున్నా. సంచిలో ట్యాబ్‌కి మాత్రం ఇప్పటికీ వద్దనే.